పెద్దవాళ్ల వరుసలో

జుట్టుకు రంగు వేయడంలో ఆమెది తిరిగిన చెయ్యి. పార్లర్‌లో చివరి కుర్చీ ఆమెది. అందులో కూర్చుని లేచినవాళ్లు పదేళ్లు తగ్గి వెళ్తారని పేరు. ఆమెకు మాత్రం రంగుతో పని లేదు. నలభై దాటినా తలలో ఒక్క తెల్ల వెంట్రుక లేదు. "నీ రహస్యమేంటో మాకూ చెప్పరాదూ?" అని అడగనివాళ్లుండరు. నవ్వి ఊరుకుంటుంది. రహస్యం ఉన్నమాట నిజమే, అది జుట్టుది కాదు.

పెళ్లైన కొత్తలోనే మొగుడు హెచ్‌ఐవీ అంటించాడు. అంటించిన పెద్దమనిషి చచ్చి తప్పించుకున్నాడు, చీదరింపులన్నీ ఈమెకు మిగిలాయి. తోడికోడలు గ్లాసు వేరు పెట్టింది. వదిన అయితే ఈమె ఒళ్లో ఉన్న తన బిడ్డను లాక్కుని వెనక్కి జరిగింది. ఆమె ఎవరితోనూ పోట్లాడలేదు. ఊరు మారి, నోరు కుట్టుకుని, ఒంటి గదిలో బతకడం నేర్చుకుంది. మాత్రలు మాత్రం ఏనాడూ మానలేదు. రక్తపరీక్షలో వైరస్ కనిపించడం మానేసి చాలాకాలమైంది. గండం గడిచిందనే అనుకుంది.

నిరుడు నడుం చుట్టూ అక్కి లేచింది, వరసగా నీటిపొక్కులు. నిప్పులు పోసినట్టు ఒకటే మంట. ముసలివాళ్లకు రావాల్సింది తనకెందుకొచ్చిందని డాక్టరును అడిగింది.

"వైరస్ నోరు మూసుకుని మూల నక్కింది గానీ, ఇల్లు ఖాళీ చెయ్యలేదమ్మా. దాన్ని కాపలా కాసే కణాలకు ఇన్నేళ్లుగా కంటి మీద కునుకు లేదు. అలిసిపోయి ముందే ముసలివైపోతున్నాయి. మాత్రలు ఆపకు. జలుబు, దగ్గు ఉన్నవాళ్లకు కాస్త దూరంగా ఉండు. పెద్దవాళ్లకిచ్చే టీకాలు నువ్వూ వేయించుకో."

"పైన పటారం, లోన లొటారం అన్నమాట," అంది. డాక్టరు నవ్వాడు గానీ ఆమెకు నవ్వు రాలేదు.

టీకాల రోజు ఆసుపత్రికి వెళ్లి పెద్దవాళ్ల వరుసలో నిలబడింది. చుట్టూ చేతికర్రలు, మోకాళ్ల నొప్పుల కబుర్లు. వెనక ఎవరో వచ్చి నిలబడితే తిరిగి చూసింది. టీచరమ్మ! ఎప్పుడో రిటైరైన లెక్కల టీచరు. నెలకోసారి రంగుకొచ్చి, గంటసేపు లోకంలోని సంగతులన్నీ చెప్పిపోతుంది. ఆమెతో మనసు విప్పి మాట్లాడే మనిషి ఆవిడొక్కతే.

"ఇదేంటమ్మాయ్, ఇక్కడున్నావ్? ఎవరి కోసం?"

మా అత్త కోసం అనేస్తే సరిపోయేది. కానీ టీకా పొడిచేది ఈమె చేతికే కదా, కాసేపట్లో ఎలాగూ తెలిసిపోతుంది. వరుస వదిలిపోతే టీకా పోతుంది, నిజం చెబితే టీచరమ్మ పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"నా కోసమే," అంది. ఇన్నేళ్లూ దాచి దాచి విసిగిపోయిందేమో, గొంతు తగ్గించి డాక్టరు మాటలతో సహా మొత్తం చెప్పేసింది.

టీచరమ్మ నోరు తెరిచేలోపే లోపలికి పిలిచారు. టీకా వేయించుకుని, ఆవిడ ముఖం చూసే ధైర్యం లేక, ఆమె తిన్నగా గదికి వెళ్లిపోయింది.

టీచరమ్మ రంగుకొచ్చే రోజు వచ్చింది. మధ్యాహ్నం దాటినా ఆవిడ జాడ లేదు. ఆ కుర్చీలో ఇంకొకరిని కూర్చోబెట్టబుద్ధి కాలేదు. నోరు జారినందుకు తన్ను తానే తిట్టుకుంది. సాయంత్రానికి అద్దాల తలుపు అవతల టీచరమ్మ కనిపించింది, ముఖానికి మాస్కుతో. ఆమె పరుగున వెళ్లి తలుపు తీయబోయింది. టీచరమ్మ వద్దన్నట్టు చెయ్యి ఊపి, వెనక్కి జరిగింది.

ఆ వెనక్కి జరగడం ఆమెకు కొత్త కాదు. తలుపు మీంచి చెయ్యి తీసేసింది.

"తలుపు తియ్యకు!" బయటి నుంచే అరిచింది టీచరమ్మ. "పొద్దుట్నుంచీ ఒకటే తుమ్ములు. నీకు అంటిస్తే ఇంకేమన్నా ఉందా? తగ్గాక వస్తా. నా కుర్చీ ఎవరికీ ఇవ్వకు!"

ఆమె తలూపింది. ఆవిడ సందు తిరిగేదాకా చూసి, వచ్చి ఆ కుర్చీలో తానే కూలబడింది. నీ నుంచి మాకంటుతుందని తప్పుకున్నవాళ్లనే ఇన్నాళ్లూ చూసింది. నా నుంచి నీకంటుతుందేమోనని తప్పుకున్న మనిషిని చూడటం ఇదే మొదలు. ఎదురుగా అద్దం ఉందన్న సంగతి కూడా మరిచిపోయి, చాలాసేపు ఏడ్చింది.