పూటకొక చిన్న గ్లాసు

మా ఊళ్ళో మనుషులకు మిగతా విషయాలు తెలిసినా తెలియకపోయినా నీళ్ళ గురించి తెలియని మనిషి లేడు. కంబదూరు వైపు నాలుగెకరాల చేను ఉన్న ప్రతి మగవాడూ భూమి లోపలికి చూడగలనని నమ్ముతాడు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా తిరుగుతాడు. కాయ ఎక్కడ లేచి నిలబడితే అక్కడ బోరు వేయిస్తాడు. దుమ్ము లేస్తుంది. మరుసటి ఏడు ఇంకో మూల తిరుగుతాడు. మా నాయన అలా నాలుగు మూలలూ తిరిగాడు. నాలుగో బోరులో ఇంచున్నర నీళ్ళు పడ్డాయి. ఆ ఇంచున్నర ఆయన్ను పండితుణ్ణి చేసింది. గంట తోడి రెండు గంటలు ఆపాలని, పైన వాన పడితేనే కింద ఊట ఉంటుందని, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెబుతుంటాడు.

ఇంత జ్ఞానం ఉన్న ఇంటికి నేను తొలి కాన్పుకు వచ్చి, గుక్కెడు మంచినీళ్ళకు మొహం వాచిపోయాను.

ఆ చట్టం చేసింది మా జేజి, అంటే నాయన వాళ్ళమ్మ. కళ్యాణదుర్గం ఆసుపత్రి నుంచి మూడో రోజు పాపతో ఇంటికి వచ్చాను. గడపలో దిష్టి తీసిన చేత్తోనే జేజి నా చేతిలోని నీళ్ళసీసా లాక్కుంది.

"పచ్చి బాలింతవి. నీళ్ళు తాగితే కుట్లు చీము పడతాయి. పొట్ట కుండ మాదిరి వస్తాది. బిడ్డకు జలుబు జేస్తాది" అంది.

ఒక సీసా మీద మూడు నేరాలు మోపిన తర్వాత ఎవరైనా ఏం వాదిస్తారు? ఆ రోజు నుంచి నా కోటా పొద్దున ఒక చిన్న గ్లాసు, సాయంత్రం ఒక చిన్న గ్లాసు. చిన్న గ్లాసంటే టీ అంగట్లో ఇచ్చేదనుకోకండి. ఎవరిదో పెళ్ళిలో తాంబూలంతోపాటు పంచిన స్టీలు గ్లాసు, నా బొటనవేలంత లోతుంటుంది. అందులో వాము వేసి కాచిన నీళ్ళు. తిండి మాత్రం ధారాళం. వేయించిన తెల్లగడ్డ కారం, మిరియాల పొడి, ఎండు కొబ్బరి పొడి, వేడన్నం. మజ్జిగ నిషేధం, పులుసు నిషేధం. మే నెల ఎండలో, రేకుల గదిలో, తలకు గుడ్డ కట్టుకుని కూర్చుని ఇవన్నీ తినాలి. ఇవన్నీ పాలు పడటానికేనట. నాకు మాత్రం నాలుక అంగిట్లో అతుక్కుపోయి, మాట్లాడాలంటే ముందు దాన్ని ఊడదీసుకోవాల్సి వచ్చేది.

స్నానం మాత్రం మహారాణులకు కూడా జరిగి ఉండదు. మూడు రోజులకొకసారి ట్యాంకరు వచ్చే ఊళ్ళో, నా ఒక్కదాని వీపు మీద రోజూ రెండు రాగి అండాల నీళ్ళు పోసేవాళ్ళు, వావిలాకు వేసి మరగబెట్టినవి. ఒంటి మీదకు అండాలు, ఒంట్లోకి గుక్కలు. ఇదేం న్యాయమని అడిగాను.

"పైన పోసేవి వేరు, లోపలికి పోయేవి వేరు" అంది జేజి.

పాప ఏడ్చేది. కాసేపు చీకి, వదిలేసి, ముఖం ఎర్రగా చేసుకుని గుక్కపట్టేది. మళ్ళీ చీకి మళ్ళీ వదిలేసేది. ఈ ఏడుపుకు ఇంటిల్లిపాదీ కారణాలు వెతికారు. జేజి దిష్టి అంది. ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేస్తే ఘాటు రాలేదు, కాబట్టి దిష్టే అని రుజువైపోయింది. మిరపకాయలు నిరుటివని అమ్మ నా చెవిలో చెప్పింది గానీ పైకి అనలేదు. పక్కింటావిడ గాలి సోకిందంది. వస కొమ్ము అరగదీసి పాప నాలుకకు రాయించింది. ధర్మవరంలో ఉన్న మా ఆయన ఫోనులోనే వైద్యం చేశాడు. మోత వింటే పసిపిల్లలు నిద్రపోతారని ఎవరో చెప్పారట, మిక్సీ తిరిగే శబ్దం పది నిమిషాలు రికార్డు చేసి పంపాడు. అది పెట్టగానే పాప ఇంకో మెట్టు ఎక్కి ఏడ్చింది. గోడ అవతల నుంచి పక్కింటావిడ, ఈ పొద్దు ఏం చట్నీ అని అడిగింది.

నాయనకు తెలిసింది ఎద్దులు. నాలుకతో టక్కు టక్కుమని శబ్దం చేసి, పాపను భుజాన వేసుకుని అరుగు మీద తిరిగేవాడు. "అదో మబ్బు. వానొస్తాది సూడు. సూస్తాండు" అనేవాడు. మా సీమలో పుట్టిన మనిషి జన్మంతా చేయవలసిన పనిని ఆయన పదో రోజుకే మనవరాలికి నేర్పించాడు.

ఆకలేమో అన్న మాట మాత్రం ఎవరి నోటా రాలేదు. నేను అంటే, "ఇప్పుడే గదా ఇచ్చినావు" అనేవాళ్ళు.

పదకొండో రోజు పురుడుకు మా అత్త వచ్చింది. వాళ్ళు కూడా సేద్యం చేసినవాళ్ళే. ఒక తరం కిందట చేలు వదిలి ధర్మవరంలో పట్టుచీరల అంగడి పెట్టుకున్నారు. అత్త పాప చేతిని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, చీర అంచు చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూసింది.

"పలచగా ఉండాది" అంది. సంచీలోంచి పాలపొడి డబ్బా తీసింది. "నీకు పాలు సాలవమ్మా. మొండితనం పడొద్దు. మా ఇంట్లో అందరూ డబ్బా పాలతోనే పెరిగినారు. నా కొడుకును సూడు."

చూశాను కాబట్టే వద్దంటున్నానని నోటి దాకా వచ్చింది. మింగేశాను. అప్పట్లో మింగడానికి నాకు దొరికేవి మాటలే.

మరుసటి రోజు అంగన్‌వాడీలో పాపను తూచారు. పుట్టినప్పుడు రెండు కేజీల ఏడువందలున్న పిల్ల రెండున్నర కూడా తూగలేదు. అత్త పంచాయితీ పెట్టి తీర్పు చెప్పింది. వచ్చే మంగళవారం దాకా చూస్తారు. బరువు పెరగకపోతే డబ్బా తెరుస్తారు, పాపకు రొమ్ము మాన్పిస్తారు. జేజి తలూపింది. నాయన ఆకాశం చూశాడు. డబ్బాను తీసుకెళ్ళి దేవుడి పటాల పక్కన పెట్టారు, దాని మీద నవ్వుతున్న బొద్దు పాప నాకు ఎదురుగా కనిపించేట్టు.

డబ్బా పాలతో పిల్లలు పెరగరని నేను అనను. కోట్లమంది పెరుగుతున్నారు, మా ఆయనా పెరిగాడు. కానీ నా బిడ్డ నోరు తెరుచుకుని నా మీదకు తల తిప్పుకుంటుంటే, నీ దగ్గర ఏమీ లేదని పదిమందీ నాకు చెప్పడం నేను భరించలేకపోయాను. ఇది నా శరీరం చేసిన మోసమేమోనని నాకు భయం వేసింది. స్నానాల గదిలో కూర్చుని ఏడ్చాను. కన్నీళ్ళు కూడా సరిగ్గా రాలేదు.

రెండు రోజుల తర్వాత సబ్ సెంటరు నర్సమ్మ ఇంటికి వచ్చింది. చిన్న వయసు పిల్ల. పాప నాలుక చూసి, నా పెదాలు చూసి, ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

"దినానికి ఎన్ని నీళ్ళు తాగుతాండావక్కా?"

నేను గ్లాసు చూపించాను. ఆమె దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. "ఇది మందు తాగే గ్లాసా?" అంది. "ఈ ఎండకు ఇదేం సాలుతాది? దప్పి అయినప్పుడల్లా తాగల్ల. పాపను రెండు గంటలకొకసారి పట్టల్ల, ఏడ్సేదాకా ఉండొద్దు. వస పూయొద్దు, డబ్బా పట్టొద్దు."

జేజి గుమ్మంలోంచి ముందుకు వచ్చింది. "ఏమ్మా, నీకెంతమంది పిల్లోల్లు?"

"నాకింకా పెండ్లి కాలేదవ్వా."

"అదీ!" అంది జేజి. కేసు కొట్టేశారు.

ఆ రోజే నేను దొంగనయ్యాను. స్నానానికి కూర్చున్నప్పుడు జేజి చెంబుతో నెత్తి మీద పోస్తుంటే, జుట్టు చాటున ముఖం పైకెత్తి నోరు తెరిచాను. వావిలాకు ఎంత చేదో, బురద వాసనతో ఎంత కలిసిపోతుందో వర్ణించలేను. అయినా నా జన్మలో అంత రుచైన నీళ్ళు తాగలేదు. ఊపిరాడక దగ్గు వచ్చింది. "సూసినావా, నీళ్ళు తలకెక్కినాయి" అంది జేజి. లోపలికి పోయాయని ఆమెకు తెలియదు.

అమ్మ మాత్రం కనిపెట్టింది. మరుసటి రోజు జేజి సాంబ్రాణికి నిప్పులు తేవడానికి వంటింట్లోకి వెళ్ళగానే, తువాలు కింద దాచిన చెంబు తీసి నా చేతిలో పెట్టింది. నిండుగా మంచినీళ్ళు.

"తాగు బిరీన" అంది గుసగుసగా. "నిన్ను కన్నప్పుడు నేనూ ఇట్లనే తాగినా."

"మరి అప్పుడే చెప్పొచ్చు గదమ్మా?"

"ఎవురికి సెప్పల్ల?" అంది అమ్మ, ఖాళీ చెంబు తీసుకుంటూ.

అలా మా ఇంట్లో రెండు తరాలుగా నడుస్తున్న దొంగతనంలో నేను చేరాను. మంచం కింద పాత చీరల మూటలో ఒక సీసా పెట్టుకున్నాను. జేజి అటు తిరిగినప్పుడల్లా గుక్క. ఆమె కునుకు తీస్తే సీసా సగం. పాప కదిలితే చాలు రొమ్ము పట్టాను, ఎవరు ఏమన్నా. నాలుగో రోజు మధ్యాహ్నం పాప గుటక వేసే చప్పుడు వినిపించింది. అంతకు ముందు అది వినిపించేది కాదని అప్పుడే తెలిసింది నాకు. గుటక, గుటక, గుటక. తర్వాత పెదవి మూల నుంచి పాలు కారుతుండగా, నోరు అలాగే తెరిచి నిద్రపోయింది. మిక్సీ అవసరం రాలేదు, మిరపకాయలూ అవసరం రాలేదు. నాకు లేచి ఊరంతా చాటింపు వేయాలనిపించింది.

మంగళవారం అత్త మళ్ళీ వచ్చింది, పాపను తూచారు. రెండు కేజీల ఏడువందలు. పుట్టిన బరువు తిరిగొచ్చింది. అరుగు మీద అందరూ కూర్చుని, వచ్చిన పేరు పంచుకోవడం మొదలుపెట్టారు.

"తెల్లగడ్డ కారం అంటే ఏమనుకున్నావు" అంది జేజి.

"దర్గాలో తాయెత్తు కట్టించినా గదా, అది" అన్నాడు నాయన.

"డబ్బా ఎదురుగా పెట్టినాక భయంతోనైనా పాలు పడినాయి" అంది అత్త. ఈమె వాటా విని నా ఒళ్ళు మండిపోయింది.

లోపలికి వెళ్ళి, మంచం కింది నుంచి సీసా తెచ్చి, అందరి మధ్యా అరుగు మీద నిలబెట్టాను. అంతా చెప్పేశాను, జుట్టు చాటున తాగిన వావిలాకు నీళ్ళతో సహా. అమ్మ పేరు మాత్రం చెప్పలేదు. చివరికి నాయన వైపు తిరిగాను. "పైన వాన పడకపోతే కింద ఊట యాడనుంచి వస్తాదని ఊరందరికీ చెప్తావే! ఇంట్లో కూతురికి చిన్న గ్లాసు కొలిచి పోస్తాంటే నీకు తట్టలేదా?"

నాయన తల గోక్కున్నాడు. "అవును గదా!" అన్నాడు నిజంగానే ఆశ్చర్యపోతూ. వెంటనే మోటారు చూసి రావాలని గుర్తొచ్చి చేనికి వెళ్ళిపోయాడు. అత్త డబ్బాను పటాల పక్క నుంచి తీసి సంచీలో పెట్టుకుంది, ఏనాడూ అక్కడ లేనట్టు. జేజి ఒంటికాలి మీద లేస్తుందని కాచుకుని ఉన్నాను, చెప్పాల్సిన జవాబులు వరసగా పెట్టుకున్నాను. ఆమె లేచి పశువుల కొట్టం వైపు వెళ్ళింది. గెలిచానని నాకు చెప్పలేనంత సంతోషం వేసింది.

మధ్యాహ్నం అత్త బస్సెక్కింది. అమ్మ గిన్నెలు కడుగుతోంది. నేను పాపకు పాలిస్తున్నాను. జేజి వచ్చి మంచం పక్కన నేల మీద కూర్చుంది. చాలాసేపు పాప గుటకలు వింటూ ఉండిపోయింది.

"నిజంగా నీళ్ళతోనే వచ్చినాయా మే?" అంది.

"నీళ్ళతోనే జేజీ. మాటిమాటికీ పట్టినా గదా, దాంతో కూడా" అన్నాను, ఇంకా గెలుపు గొంతుతోనే.

ఆమె కొంగుతో మోకాలు తుడుచుకుంది. అక్కడ ఏమీ అంటలేదు.

"మీ నాయన కంటే ముందర నాకొక ఆడబిడ్డ" అంది. "ఇరవై దినాలు ఉండె. ఇట్లనే ఏడ్సేది, సీకి వదిలేసేది. మా అత్త నీళ్ళకుండ అటక మీద పెట్టేసినాది. నా పాలల్లో దోషం ఉండాదనిరి. నా పాలు గోడకు పిండి సీమలకు పెట్టినారు, సస్తాయో లేదో సూద్దామని. సీమలు యాడికో పోయినాయి. సచ్చినాయనిరి అందురూ. నేను గూడా అట్లే అనుకుంటి."

మా నాయనకు ఒక అక్క ఉండేదని నేను ఎన్నడూ వినలేదు. నాయనకూ తెలియదని తర్వాత తెలిసింది. జేజి పాప వైపే చూస్తోంది.

"అయితే నా పాలు మంచివేనా?"

అరుగు మీద అంతమందికి జవాబు చెప్పినదాన్ని, పాపను రెండో వైపుకు మార్చుకున్నాను. ఆ బిడ్డ ఎందుకు పోయిందో నాకేం తెలుసు? జ్వరమో, మరేదో, నీళ్ళో. యాభై ఏళ్ళ కిందటి సంగతి. తెలియదనే చెప్పాలి, అదే నిజం.

"మంచివే జేజీ" అన్నాను.

ఆమె నా మోకాలి మీద చేయి వేసి, "ఇంగోసారి సెప్పు" అంది.