ఆరో మేకు

నరసాపురం దగ్గర మా ఇంటిని ఊళ్ళో ఇప్పటికీ దివాణం అనే అంటారు. నేను పెరిగేనాటికే అందులో కుడివైపు సగం ఎరువుల గోదాముకు అద్దెకు పోయింది. ఎవరైనా ఆ సంగతి ఎత్తితే మామ్మగారు, "అద్దేంటి? పాపం, యూరియా తడిసిపోతోందంటే చోటిచ్చాం," అనేవారు.

అమ్మా నాన్నా నాకు ఊహ తెలియకముందే పోయారు. నన్ను పెంచింది నాన్నగారి తల్లి అయిన ఈ మామ్మగారే. ఎవరొచ్చినా ఆవిడ కుర్చీలోంచి లేచేవారు కాదు. "మీ తాతగారికి లేచాను. ఇంకెవరికీ లేవను," అని తాసిల్దారు ఎదుటే అన్న మనిషి.

మా సావిట్లో గోడకు వరసగా ఆరు మేకులు, అయిదింటికి పటాలు. పద్దెనిమిదేళ్ళు నిండగానే ఫోటో తీయించి, పెద్దది చేయించి, రంగులు పూయించి తగిలించడం ఆచారం. ఆ ఇంట్లో పుట్టినవాళ్ళకే మేకు, కోడళ్ళకు లేదు. అందువల్ల రోజూ ఆ పటాలు తుడిచే మామ్మగారికే పటం లేదు. వాటి అద్దాలు ఎప్పుడో పగిలిపోయాయి. మళ్ళీ ఎందుకు వేయించలేదంటే, అద్దముంటే పెద్దలకు గాలాడదని చెప్పేవారు.

పటాల్లో అయిదుగురూ మగవాళ్ళే. అందరికీ దానిమ్మ గింజల్లాంటి బుగ్గలు. చివరి ఇద్దరూ తాతగారూ నాన్నగారూ. వాళ్ళని నేను చూసింది ఆ గోడమీదే. ఆరో మేకు నాది.

నేను నలుపు. చామనచాయ అని చుట్టాలు మొహమాటపడేవారు గానీ, నలుపే. ఆ మాట మా ఇంట్లో నిషేధం. బొగ్గుల్ని కూడా "ఆ పొయ్యిలోవి" అనేవారు. ఆదివారం ఆదివారం నాకు మీగడ, పసుపు, శనగపిండి కలిపి పట్టించేవారు. ఆ పిండితో ఊరందరికీ రెండు వాయిలు బజ్జీలు వేయొచ్చు. దానివల్ల నాలో వచ్చిన మార్పు ఈగలు వాలడం ఒక్కటే.

బళ్ళో పిల్లలు ఏమనేవారో ఇక్కడ రాయను. దివాణం పిల్లనని నడుం నిటారుగా పెట్టుకుని వాళ్ళ మధ్యనుంచే నడిచేదాన్ని. ఇంటికి వచ్చాక మాత్రం, ఆ అయిదు ఎర్రటి మొహాల కింద తల దించుకుని వంటింట్లోకి పోయేదాన్ని. నన్ను ఎక్కడినుంచో తెచ్చుకున్నారేమోనని లోపల అనుమానం.

డెబ్భైల చివర్లో నాకు పద్దెనిమిది నిండాయి. మా పటాలన్నీ భీమవరంలో ఒకే స్టూడియోవి. అక్కడికి బస్సులో వెళ్ళాం. మా పక్కన ఎవరూ కూర్చోకూడదని మామ్మగారు మూడో సీటుకు కూడా టిక్కెట్టు తీసుకున్నారు.

"మూడో మనిషేరండీ?" అన్నాడు కండక్టరు.

"వస్తారు," అన్నారావిడ. భీమవరందాకా ఎవరూ రాలేదు.

స్టూడియో ఆయన అందించిన పౌడరు డబ్బాను నేను ముట్టుకోలేదు. ఎంత నిటారుగా కూర్చున్నానంటే, "కాస్త ఊపిరి తీసుకోండి అమ్మాయిగారూ," అని ఆయన బతిమాలాడు.

వారం తర్వాత మళ్ళీ వెళితే ఫోటో బల్లమీద ఉంది. పక్కనే కుంచెలు, రంగు డబ్బా. మామ్మగారు ఫోటో వంక చూడకుండా డబ్బా వంక చూశారు.

"ఏ రంగు వేయమంటారండి?"

"మా వంశం రంగు."

"వద్దు," అన్నాను.

"వద్దంటావేంటే అమ్మడూ?"

"నేను ఆ ఇంటిదాన్నేనా, కాదా మామ్మగారూ?"

"అదేం ప్రశ్నే!"

"అయితే ఆ ఇంటి రంగు ఇదే. కాదంటే నాకు మేకెందుకు?"

ఏదో తెలివి వికసించి అలా అన్నానని రాసుకుంటే బాగుండేది. అదేమీ కాదు. దివాణం మనిషికి ఎవరో వచ్చి సున్నం వేయడమేంటన్న పొగరు.

"రేపు సావిట్లోకి నలుగురొస్తే ఏమనుకుంటారే? వరసగా అయిదుగురు దొరలూ, ఆ పక్కన..." అని ఆగిపోయారు మామ్మగారు.

"ఆ పక్కన? అనండి."

మా గొడవ చల్లార్చుదామని స్టూడియో ఆయన కల్పించుకున్నాడు. "మనకిదేం కొత్త కాదు కదండీ అమ్మగారూ! దొరగారి పటానికి రెండు డబ్బాల రంగు పట్టిందని మా నాన్నగారు ఇప్పటికీ చెబుతారండి. అమ్మాయిగారికి ఒకటిన్నరలో అయిపోద్ది."

"ఏ దొరగారికి?" అన్నాను.

"మీ తాతగారికేనండి," అన్నాక గానీ ఆయనకు తను ఏమన్నాడో తెలియలేదు. వెంటనే శుభ్రంగా ఉన్న కుంచెనే గుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు.

మామ్మగారు మొదటిసారి ఫోటో చేతిలోకి తీసుకున్నారు. కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశారు. తర్వాత, తనకు తెలియకుండానే, పమిట భుజంమీదుగా నిండుగా కప్పుకుని కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

స్టూడియోలోకి ఎవరూ రాలేదు. ఎవరొచ్చారోనని నేను వెనక్కి తిరిగి కూడా చూశాను.

"ఇలాగే ఫ్రేము కట్టండి," అన్నారు మామ్మగారు.

"మరి రంగండీ?"

"వేసే ఉందిగా."

ఫ్రేము కట్టేదాకా అక్కడే కూర్చుని, పటం తీసుకుని బయల్దేరాం. తిరుగు బస్సులోనూ మూడో సీటుకు టిక్కెట్టు తీసుకున్నారు. మూడో మనిషేరని కండక్టరు అడిగితే, సీటుమీద కూర్చోబెట్టిన పటాన్ని చూపించారు.

ఆరో మేకుకు నేనెక్కాను. ఆ తర్వాత వచ్చిన వానలకు గోడ చెమ్మగిల్లి, తాతగారి పటంలో ఎడమ చెవి దగ్గర రంగు చిన్న పెచ్చు లేచింది. స్టూడియో ఆయన్ని పిలిపిద్దామా అన్నాను. మామ్మగారు వినిపించుకోలేదు.

రోజూ పొద్దున్నే పటాలు తుడిచేవారు. నాతో సహా అందరికీ ఒక్కొక్కసారి గుడ్డ తిప్పేవారు. తాతగారి చెవి దగ్గర మాత్రం ఆగి, గోరు ఆనించి, కాస్త గట్టిగా తుడిచేవారు. ఆవిడ పోయేనాటికి తాతగారు చెవి నుంచి ముక్కుదాకా నలుపు తేలారు.