గిన్నె మీద కప్పిన లిస్టు

మా ఖిదిర్‌పూర్ డాక్ క్వార్టర్స్‌లో తొమ్మిది తెలుగిళ్ళు వారం రోజులుగా ఒకరికొకరు కూరలు పంపుకుంటూ అలిసిపోతున్నాయి. అదంతా నా వల్లే! గుమ్మంలో నిలబడి గిన్నె చేతికిచ్చి, మాట రాక తిరిగొచ్చేసే నా వల్ల. ఎలాగో చెప్తాను, నవ్వకండి.

మా అమ్మాయి సుజాత కంప్యూటర్ చదువుతోంది. గ్రాఫ్ మీద ప్రాజెక్ట్ చెయ్యాలంది. గ్రాఫంటే కొండల్లా లేచి పడే గీత కదా అనుకున్నాను. కాదట. కాగితం మీద తొమ్మిది చుట్లు చుట్టింది. "ఇవి మన ఇళ్ళమ్మా. ఒకరింటి నుంచి ఇంకొకరింటికి కూరగిన్నె వెళ్తే ఒక బాణం గీస్తాను" అంది.

ఆ బొమ్మ ఎంత ముద్దొచ్చిందో! చుక్కల మధ్య ఎవరో దారులు వేసినట్టుంది. ఆ దారుల్లో గిన్నెలు వాటంతటవే నడిచిపోతున్నట్టు, వెనకాల ఆవిర్లు పైటల్లా ఎగురుతున్నట్టు...

"అమ్మా! మళ్ళీ ఎక్కడికెళ్ళిపోయావు? కంప్యూటర్‌కి బొమ్మ అర్థం కాదు, రాసివ్వాలి. రెండు రకాలుగా రాయొచ్చు. ఒకటి లిస్టు. ఒకరి పేరు రాసి, పక్కన వాళ్ళ గిన్నె ఎవరెవరికి వెళ్తుందో రాస్తాం. రెండోది గళ్ళ పట్టీ. అడ్డంగా, నిలువుగా అందరి పేర్లూ వేసి, గిన్నె వెళ్తే ఒకటి, వెళ్ళకపోతే సున్నా. మనవాళ్ళ బాణాలు తక్కువే కాబట్టి లిస్టు చాలు. గళ్ళు వేస్తే అన్నీ సున్నాలే, చోటు దండగ."

ఎవరి గిన్నె ఎటు వెళ్తుందో సుజాతకేం తెలుసు? కిటికీ దగ్గర కూర్చునే నాకు తెలుసు. ఐదో తరగతి చదువు బయటికి తీసి నేనే తెలుగులో రాశాను. నా పేరు పక్కన ఒకటే పేరు, సింహాచలం వదిన. ఈ ఊరొచ్చిన కొత్తలో నాకు బస్సెక్కడం, బజార్లో బేరమాడడం నేర్పింది ఆవిడే. నేను గడప దాటి లోపలికెళ్ళే ఇల్లు అదొక్కటే. ఇక ఆవిడ పేరు పక్కన... ఖాళీ. ఆవిడ గిన్నె ఎక్కడికీ వెళ్ళదు మరి. నా గిన్నె కూడా ఖాళీగానే తిరిగొస్తుంది.

మధ్యాహ్నం సన్నగా వాన. వదినకని నెత్తళ్ళ చేపల పులుసు గిన్నెలోకి తీశాను. అప్పుడే డాక్‌లో ఓడ కూసింది. ఆ కూత వింటే నేను నేల మీద ఉండను. అది మా ఊరి సముద్రం మీదుగా పోతుందేమో, మా ఒడ్డు దానికి కనబడుతుందేమో... చినుకులు పడకుండా చేతికందిన కాగితం గిన్నె మీద కప్పి, ఇచ్చేసి వచ్చేశాను.

సాయంత్రం "లిస్టేదమ్మా?" అంది సుజాత. గిన్నె మీద కప్పిన కాగితం గుర్తొచ్చింది! ఇంతలో వరండాలో వదిన గొంతు.

"ఓలమ్మీ పైడీ! ఏటే ఇది? అందరి పక్కనా పేర్లున్నాయి, నా పక్కన ఏటీ నేదేటి?"

"అది... కంప్యూటర్‌కి, వదినా..."

"ఓలప్పో! నా పిసినారితనం కంప్యూటర్‌కి కూడా సెప్పేసినావేటే!"

వరండాలోకొచ్చిన ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు. వదిన ఊరుకుంటుందా? లిస్టంతా గట్టిగా చదివేసింది. "రవణమ్మ గిన్ని నాలుగిళ్ళకి యెల్తందట. మీ ఇంటికి రానేదేటి, లచ్చిమీ?" నవ్వులు టక్కున ఆగిపోయాయి. వదిన నా మొహం చూడకుండా వెళ్ళి తలుపేసుకుంది. ఉన్న ఒక్క గడపా పోగొట్టుకున్నాను అనుకున్నాను.

పొద్దున్నే తలుపు తడితే వదిన! చేతిలో నా గిన్నె, నిండా ఆవ పెట్టిన పనసపొట్టు కూర.

"రాసుకో. నాదీ ఓ బాణం. తొలీత నీకే ఎట్టినాను."

కళ్ళు చెమర్చాయి నాకు. కానీ అక్కడితో ఆగితేగా! లిస్టులో పేరు లేదనిపించుకోవడం ఎవరికిష్టం? మూడు రోజుల్లో ప్రతి ఇంటి గిన్నే మిగతా ఎనిమిదిళ్ళకీ తిరిగేసింది. సుజాత తల పట్టుకుంది.

"ధుత్ అమ్మా! ఇప్పుడు ప్రతి పేరు పక్కనా అందరి పేర్లూ రాయాలి. ఇక గళ్ళ పట్టీయే నయం."

గీసింది. అన్నీ ఒకట్లే! ఆ మూల నుంచి ఈ మూలకి మాత్రం వాలుగా సున్నాలు.

"అవేటే?"

"ఎవరి గిన్నె వాళ్ళింటికే వెళ్ళదు కదమ్మా."

నిన్న రవణమ్మకని బచ్చలికూర పట్టుకుని బయల్దేరాను. వాన వెలిసింది. మెట్ల మీద నిలిచిన నీళ్ళలో ఆకాశం. ఆ బాణాలన్నీ గుర్తొచ్చాయి. నేనూ ఒక బాణం మీద తేలిపోతున్నట్టు నడిచి, తలుపు తట్టి, తల వంచుకుని గిన్నె చాపాను.

"ఎవరింటికొచ్చావమ్మా?" సుజాత గొంతు!

తలెత్తి చూస్తే మా తలుపే.

"నీ పట్టీలో మన సున్నా కొట్టేసి, ఒకటి వేసుకో" అన్నాను. గిన్నె వచ్చింది కదా మరి!