రావచ్చు అన్నాను

ఒక్క మాట ఇన్నేళ్లుగా నా గొంతులో అడ్డం పడి ఉంది. పెద్ద మాటేమీ కాదు. "రావచ్చు." అంతే. వాన రావచ్చు, బస్సు రావచ్చు, బావగారు రావచ్చు అని అందరం రోజూ అనుకునే మాటే. నేను మాత్రం ఎవరి నోట అది విన్నా తల దించుకుంటాను. మా ఆవిడ గమనించి ఏమిటని అడిగింది. కసురుకున్నాను. ఇవాళ మీకు చెప్పేస్తాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అదే నయం.

మద్రాసులో సైనికుల పాత రికార్డులు దాచే ఆఫీసులో నేను గుమాస్తాని. మాది మైలాపూరు. తాతల నాటి నుంచి ఇక్కడే ఉన్నాం. ఇంట్లో సగం తెలుగు, సగం అరవం. అయినా ఆఫీసులో తెలుగువాడి పేరు ఏది తగిలినా ఆ కాగితం నా బల్ల మీదికే తోసేవారు. నాకూ అదో గొప్ప. తెలుగు పేర్ల సంగతి నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుందని. ఆ గొప్పే కొంప ముంచింది. నా కొంప కాదు లెండి.

రాయపురం నుంచి మంగమ్మ అని ఒకామె వచ్చింది. చేపలమ్ముకునే మనిషి. యుద్ధంలోకి వెళ్లిన మొగుడి నుంచి ఏ కబురూ లేదు. ఏమయ్యాడో చూడమంటూ, ఎవరిచేతో పేరు రాయించుకొచ్చింది. వి. కృష్ణయ్య. వెతికాను. వి. కృష్ణయ్య దొరికాడు. శిబిరం నుంచి చెప్పాపెట్టకుండా పారిపోయాడని రాసి ఉంది. ఆ ఫైల్లో 'వి' అంటే ఇంటిపేరు. ఆమె తెచ్చిన కాగితంలోనూ అంతే అనుకున్నాను. తెలుగువాడి పేరుకు ముందున్న అక్షరం ఇంటిపేరు కాక మరేమవుతుంది? ఇంకో ముక్క అడగలేదు. మీ ఆయన పారిపోయాడమ్మా అని చెప్పి పంపేశాను.

అప్పటికది పొరపాటు మాత్రమే. పాపం తర్వాత చేశాను.

కొన్నాళ్లకు పైనుంచి ఉత్తరువు వచ్చింది. సైన్యంలో పనిచేసి, తర్వాత పేరు తెచ్చుకున్నవాళ్ల ఫైళ్లు ఏరి వేరే బీరువాలో భద్రం చెయ్యాలట. వాళ్లలో డాక్టర్లున్నారు, నాయకులున్నారు. కానీ మా వాళ్లందరూ ఎదురుచూసింది ఒక కుస్తీ వస్తాదు ఫైలు కోసం. అప్పట్లో పట్నంలో ఏ గోడ చూసినా ఆయన బొమ్మే. పోటీల కోసం పెట్టుకున్న పేరు వేరు. అసలు పేరు కృష్ణయ్య, మనిషి తెలుగువాడు. ప్రతి పోటీలోనూ, నాకీ ఒళ్లు సైన్యం ఇచ్చిందని చెప్పేవాడు. పెద్ద గుమాస్తా ఆ పని నాకే అప్పజెప్పాడు.

నేను అంతకుముందు వెతికిన, పోయినవాళ్లవి కాక మిగతా ఫైళ్లుండే గదిలో ఆ పారిపోయినవాడి ఫైలు తప్ప ఇంకో కృష్ణయ్య లేడు. అది మంగమ్మ మొగుడిది కదా అని పక్కన పెట్టి, వస్తాదు కాగితాలు పొరపాటున అటు కలిశాయేమోనని, యుద్ధంలో పోయినవాళ్ల కట్టలు విప్పాను. అందులో ఉన్నాడు. వి. కృష్ణయ్య. తండ్రి వీరాస్వామి. ఊరు రాయపురం. భార్య మంగమ్మ. బర్మాలో, ఆసుపత్రిలో, జ్వరంతో పోయాడు. బాంబుల భయంతో పట్నం ఖాళీ అయిన రోజులవి. ఇంట్లో ఎవరూ లేరని కబురు తిరిగొచ్చేసింది.

'వి' అంటే వీరాస్వామి! తరతరాలుగా అరవవాళ్ల మధ్య బతికినవాళ్లు, వాళ్లలాగే తండ్రి పేరు ముందు పెట్టుకున్నారు. నాకు తెలియనిదా? మా వీధిలోనే అలాంటి తెలుగువాళ్లు ఎంతమంది లేరు? మళ్లీ పారిపోయినవాడి ఫైలు తీశాను. ఒంటి మీద గుర్తుల దగ్గర, ఎడమ చెవి తమ్మె చీలి ఉంది అని రాశారు. అనుమానం వచ్చి కిటికీ దాకా వెళ్లాను. ఎదురు గోడ మీద బొమ్మలో వస్తాదు నవ్వుతున్నాడు. ఆ చెవి చీలే ఉంది.

అంటే ఆ పెద్దమనిషి పారిపోయిన నింద తీసుకెళ్లి చచ్చిపోయినవాడి నెత్తిన పెట్టింది నేనే.

రెండు ఫైళ్లూ పట్టుకుని పెద్ద గుమాస్తా దగ్గరికి నడవడానికి ఎంతసేపు పడుతుంది? నడవలేదు. నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. మంగమ్మకు ఆ మాట చెప్పి పంపిందెవరు అని ఆయన అడుగుతాడు. రెంటినీ ఎక్కడివక్కడ పెట్టేసి, వస్తాదు ఫైలు దొరకలేదండీ అన్నాను. ఒక తెలుగువాడి పరువు కాపాడానని ఎన్నాళ్లు చెప్పుకున్నానో! ఏం కాపాడానండీ? నా కుర్చీ కాపాడుకున్నాను.

ఆ తర్వాత మంగమ్మ మళ్లీ వచ్చింది. నుదుట ఇంత బొట్టు. మెడలో పసుపుతాడు. వీధిలో తనను పారిపోయినోడి పెళ్లాం అంటున్నారని, ఎవతెనో తగులుకుని ఉంటాడంటున్నారని చెప్పింది. ఏడవలేదు. నా బల్ల పట్టుకుని మెల్లగా అడిగింది.

"పారిపోయినోడైతే యాడో ఒక కాడ బతికే ఉంటాడు గదా సార్. ఎప్పుడన్నా ఇంటికొస్తాడా?"

"రావచ్చు" అన్నాను.

ఆమె మొహం విప్పారింది. నాకు దండం పెట్టింది. నాకు!

ఎందుకన్నాను? తెలియదమ్మా అన్నా సరిపోయేది కదా. జాలిపడి అన్నానని కొంతకాలం నన్ను నేను నమ్మించుకున్నాను. జాలీ లేదు, పాడూ లేదు. ఆమె తొందరగా నా ఎదుటినుంచి పోవాలి, అంతే. ఆ మాటకి ఆమె ఎన్నేళ్లు కూర్చుంటుందో ఆలోచించలేదు. ఆమెకు న్యాయంగా అందాల్సిన పింఛనూ అందలేదు. తర్వాత ఒకసారి చెప్పేద్దామని రాయపురం దాకా వెళ్లి, వీధి మొదట్లో కిళ్లీ కొట్టువాడిని అడిగాను. ఇల్లు కురుస్తున్నా ఆమె ఆ వీధి వదలదట. మొగుడు వస్తే వెతుక్కోవాల్సి వస్తుందని. అక్కడినుంచి అటే వెనక్కి తిరిగాను.

ఇప్పుడెందుకు చెబుతున్నావంటారా? ధైర్యం వచ్చి కాదు. మొయ్యలేక.

పోయిన సోమవారం రెండు ఫైళ్లూ తీసుకెళ్లి, కొత్తగా వచ్చిన ఆఫీసరు బల్ల మీద పెట్టి అంతా చెప్పేశాను. ఆయన, ఇదంతా రాసివ్వు అన్నాడు. రాసిచ్చాను. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. అక్కణ్నుంచి నేరుగా రాయపురం బస్సెక్కాను.

మంగమ్మ గుమ్మంలో కూర్చుని చేపలు శుభ్రం చేస్తోంది. జుట్టు నెరిసింది. బొట్టు మాత్రం అంతే ఉంది. నిలబడే చెప్పాను. ఆమె కత్తిపీట మీది చెయ్యి ఆపకుండా విన్నది. ఆ రోజు రావచ్చు అన్నప్పటికే నాకు తెలుసమ్మా అన్నాక చెయ్యి ఆగింది. తిడుతుందనుకున్నాను. కొట్టినా కొట్టించుకునేవాణ్ని.

"అయితే మా ఆయన నన్ను ఇడిసిపెట్టి పోలేదా?"

"లేదమ్మా. పారిపోలేదు."

ఆమె లేచి, చేతులు కడుక్కుని, ఎదురింటామెను పిలిచింది. ఆ మాట మళ్లీ చెప్పమంది. చెప్పాను. పక్కింటికి తీసుకెళ్లింది. అక్కడా చెప్పాను. అలా ఆ వీధిలో ఒక్క గుమ్మం వదలకుండా నన్ను తిప్పింది. ప్రతి గుమ్మం ముందూ, ఈమె మొగుడు పారిపోలేదు, బర్మాలో జ్వరంతో పోయాడు, తప్పు చెప్పింది నేను అన్నాను. ముందు ఇళ్లలో మాట గొణుగుడుగా వచ్చింది. పోను పోను గట్టిగానే వచ్చింది. చివరి ఇల్లయ్యాక ఆమె నా వైపు చూడను కూడా చూడకుండా లోపలికి పోయి తలుపు వేసుకుంది. కాసేపటికి లోపలినుంచి ఏడుపు వినిపించింది. ఇన్నేళ్లూ దాచుకున్న ఏడుపు. క్షమించమని నేను అడగలేదు. ఏ మొహంతో అడగను?

ఇంటికొచ్చి రెండుసార్లు మారు వడ్డించుకుని తిన్నాను. సిగ్గుగానే ఉంది గాని, తిన్నాను. మా ఆవిడ వాకిట్లోకి తొంగి చూసి, మబ్బు పట్టింది, వాన రావచ్చు అంది.

తలెత్తి చూశాను. అవును, రావచ్చు అన్నాను.