గడియారం వెళ్తోందా, పిల్ల వెళ్తోందా

పక్క ఫ్లాట్‌లో ఎవరో పాలపొడి డబ్బా మూత తీసినట్టున్నారు. ఆ తియ్యటి వాసన కిటికీలోంచి రాగానే చదువుతున్న పేపరు పక్కన పెట్టేశాను. చాలా ఏళ్ల కిందట ఒక పసిబిడ్డను ఆకాశంలో ఆకలితో ఉంచబోయిన తప్పు నాది.

అప్పుడు నేను బేగంపేటలో గ్రేసమ్మ గారి విమాన టికెట్ల ఆఫీసులో కొత్తగా చేరాను. ఆమెది కోస్తా. భర్త ఉద్యోగం మీద సికింద్రాబాద్ వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఆఫీసు గోడ మీద ప్రపంచ పటం, దాని మీద హైదరాబాద్ నుంచి లండన్ దాకా గుండుసూదులతో బిగించిన ఎర్రదారం. పనిలేని మధ్యాహ్నాలు ఫ్యాన్ గాలికి ఆ దారం సన్నగా వణికితే, దాని కింద ఎడారులూ సముద్రాలూ కదులుతున్నట్టుండేది. ఎన్నడూ విమానం ఎక్కని నేను ఆ దారం మీదే తేలిపోతూ ఉండేవాణ్ణి.

"దారం పిట్టలకయ్యా," అనేవారు గ్రేసమ్మ గారు. "మనుషుల దూరం వేరే."

ఆ రోజు మధ్యాహ్నం బోయిగూడ నుంచి భాగ్య అనే అమ్మాయి పాపను చంకనేసుకుని టికెట్ కోసం వచ్చింది. మర్నాడు పొద్దున్నే లండన్‌లో ఉన్న భర్త దగ్గరికి ప్రయాణం.

"అన్నా, ఎన్ని గంటలైతది? పాపకు డబ్బాపాలే. ఎన్నిసార్లకు పెట్టుకోవాల్నో జెర చెప్పు."

ఇక్కడ బయలుదేరేది పొద్దున పదింటికి, అక్కడ దిగేది సాయంత్రం ఏడింటికి. ఒకదాంట్లోంచి ఒకటి తీసేశాను.

"తొమ్మిది గంటలమ్మా," అన్నాను, పటం మీంచి చూపు తిప్పకుండానే.

ఆమె వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంటూ వెళ్లిపోయింది.

సాయంత్రం ఈ సంగతి చెబితే గ్రేసమ్మ గారు తాగుతున్న టీ బల్ల మీద పెట్టేశారు.

"లండన్ గడియారం మనకంటే ఐదున్నర గంటలు వెనక. అది కలపవా? ఇల్లు వదిలిన దగ్గర్నుంచి లెక్క కట్టవా? ఏమయ్యా, గడియారం వెళ్తోందా, పిల్ల వెళ్తోందా?"

"వాళ్ల పక్కింటికి ఫోన్ చేస్తానండి."

"పక్కింటివాళ్లు చెప్పడం మరిచిపోతే? నువ్వే వెళ్లు. ఎంతసేపని ఎవరన్నా అడిగితే, ముందు ఎవరు వెళ్తున్నారో చూడు నాయనా."

ఇప్పటికీ నన్నెవరైనా దూరం అడిగితే, "ఎవరు వెళ్తున్నారండీ?" అనే అడుగుతాను. కొందరు విసుక్కుంటారు.

బోయిగూడ ఇంట్లో పెట్టెలకు తాళాలు కూడా పడ్డాయి. భాగ్య అత్త నన్ను చూసి, "ఏందీ, మా కోడలితోని నువ్వు సుత పోతున్నవా?" అంది. అందరూ నవ్వారు.

"తప్పు చెప్పిన అమ్మా. తొమ్మిది కాదు, పద్నాలుగున్నర. ఇంటికాడికెల్లి చూస్తే ఇంకా ఎక్కువ."

నవ్వులు ఆగిపోయాయి. "అయ్యో, గంతసేపు పిల్ల ఏం తాగుతుండె?" అంది అత్త.

పరుగున వెళ్లి వీధి చివరి దుకాణంలో ఇంకో డబ్బా తెచ్చాను. అత్త నన్ను ఎగాదిగా చూసింది.

"గట్ల నిలబడ్డవేంది? కూసో. పిల్లను పట్టు."

అత్తాకోడళ్లు మళ్లీ పెట్టె విప్పి, పాలపొడిని పూటకింతని పొట్లాలు కడుతున్నంతసేపూ పాప నా ఒళ్లో నిద్రపోయింది. నిద్రలోనే పెదవులు కదుపుతోంది. మధ్యాహ్నం అంత దగ్గరగా ఉండి కూడా నేను చూడని ఆ ముఖాన్ని, వాళ్లు చివరి పొట్లం కట్టేదాకా చూస్తూ కూర్చున్నాను.