బొంత కింది గొంతు

హుస్నాబాద్‌లో హెప్సిబా టీచరమ్మ అంటే ముందుగా ఆమె గొంతు సంగతే చెప్తరు. మెథడిస్టు గుడిలో ఆదివారం వాక్యం చదువుడు ఏండ్ల నుంచి ఆమెదే. మైకు పని చేసినా చెయ్యకున్నా, ఆఖరు చాప మీద కూసున్న ముసలవ్వకు సుత మాట మాట విడివిడిగా అందేది. దేవుడిచ్చిన గొంతమ్మా అని ఎవరన్నా అంటే, "ఆయన సొత్తే, నేను మోస్తున్న అంతే" అని నవ్వేది.

బడి నుంచి రిటైరైనంక ఆ గొంతుకు కొత్త పని పడ్డది. పక్కింటి కోమల బిడ్డ నవ్యశ్రీకి పుట్టుకతోనే చూపు లేదు. కరీంనగర్‌లో హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదువుతున్నది. ఆ పిల్లకు చదువంటే వినుడే. చరిత్ర పుస్తకం తెలుగులో వినడానికి ఎక్కడా దొరకలే. ఫోన్‌లో చదివే మిషిని గొంతేమో సగం మాటలు నమిలి మింగుతున్నది. కోమలకు అక్షరం రాదు.

"నేను చదివి పంపుత. నువ్వు ఫికర్ చెయ్యకు" అన్నది టీచరమ్మ.

కోమల పెనిమిటి శ్యాంసుందర్ మస్కట్‌లో పని చేస్తడు. టీచరమ్మ చదివేది రికార్డు చేసేటందుకు, ఊరికొచ్చే దోస్తు చేత ఒక లాప్‌టాప్ పంపిండు. అది దసరా ముంగట చేరింది. పండుగ నాడు కోమల ట్రాక్టర్‌కు, మందు కొట్టే పంపుకు, కుట్టు మిషినికి పూజ చేసి, లాప్‌టాప్‌ను సుత వాటి పక్కన కూసోబెట్టింది. తెర పై అంచున సరిగ్గా నడుమ, మనిషికైతే నుదురుండే జాగలో, నూనె తడితో పసుపు అద్ది, మీద కుంకుమ బొట్టు పెట్టింది. తెల్లారి తెచ్చి టీచరమ్మ చేతిలో పెట్టి, "నా బిడ్డ చదువు ఇందులున్నది" అన్నది.

హెప్సిబా ఇంట్లో బొట్టు పెట్టుకునే అలవాటు లేదు. అయినా ఆ బొట్టు చూసినప్పుడల్లా, బిడ్డ కోసం ఒక తల్లి చేసుకున్న ప్రార్థన చూసినట్టే అనిపించేది. దుమ్ము తుడిచేటప్పుడు గుడ్డను ఆ బొట్టు చుట్టూ తిప్పి, దాన్ని ముట్టకుండా తుడిచేది.

మొదటి పాఠం పంపినంక నవ్యశ్రీ ఫోన్ చేసింది.

"టీచరమ్మా, కోపం చెయ్యద్దు."

"చెయ్యనే, చెప్పు."

"మీరు బొంత కప్పుకొని చదివినట్టున్నది. మీద ఏదో గిర్రున తిరుగుతున్నది. రాజుల పేర్లేవో, ఊర్ల పేర్లేవో తెలుస్తలేదు." మళ్లీ తనే, "పరీక్షలు దగ్గర పడ్డయి. గీ పేపర్ ఈసారి విడిచిపెడ్త. నా బదులు రాసేటి అక్కకు సుత రావద్దని చెప్పిన. మీరు పరేషాన్ గాకుండ్రి" అన్నది.

తన ఇబ్బంది పక్కకు పెట్టి టీచరమ్మనే ఓదారుస్తున్న ఆ పిల్ల మాటకు ఆమె కండ్లల్లో నీళ్లు తిరిగినయి.

గిర్రుమనేది ఫ్యాన్ అని ఆమెకు తెలిసింది. దాన్ని బంద్ పెట్టింది. ముందటింట్లో ఖాళీ గోడలు, కింద బండలు. గుడి నిండ మనుషులున్ననాడు మాట కుదురుగ నిలుస్తది, ఖాళీగ ఉన్ననాడు గోడలు తిరిగి అంటయి. ఏండ్ల తరబడి చదివిన ఆమెకు అది ఎరుకే. అందుకని లోపలి అర్రలోకి మారి, మంచం చుట్టూ తాడు కట్టి, కోమల ఇంటి నుంచి బొంతలు తెచ్చి ఆరేసింది. లాప్‌టాప్‌ను దగ్గరికి జరుపుకున్నది. మైకు ఆవాజు మీట పైదాకా పెంచింది. కోమల వాకిట్లో కావలి కూసున్నది. కోళ్లను అదిలించుడు, కూరగాయలమ్మే ఆయన్ను దూరం నుంచే పంపుడు ఆమె పని.

"అరే, మెల్లగ! లోపల మా టీచరమ్మ చదువుతున్నది!" అని కోమల వేసిన కేక తప్ప ఇంకే చప్పుడూ అందులో పడలే.

విని నవ్యశ్రీ కడుపుబ్బ నవ్వింది. "మా అవ్వ కేక ఒక్కటే తెలిసింది. ఫ్యాన్ పోయింది, గోడల మోత పోయింది. గానీ టీచరమ్మా... బొంత ఇంకా ఉన్నది. ఇంకోటి, నూనెలో జీలకర్ర వేసినట్టు సుయ్యిమంటున్నది."

"నిజంగనే బొంతల నడుమ కూసున్న గదనే" అని టీచరమ్మ నవ్వింది గానీ, ఫోన్ పెట్టేసినంక ఆ నవ్వు నిలువలే. బొంత కాదేమో, తన గొంతే ముసలిదైందేమో. గుడిలో జనం మొగమాటానికి చెప్తలేరేమో. మంచం పక్కన మోకరించి, "ప్రభువా, నీ సొత్తు నువ్వు తీసుకుంటే తీసుకో. ఆ పిల్ల పరీక్ష అయ్యేదాక ఉంచు" అని అడిగింది.

తెల్లారి లాప్‌టాప్‌ను సంచిలో పెట్టుకొని, బస్టాండ్ కాడ కంప్యూటర్లు బాగు చేసే లింగమూర్తి దుకాణానికి పోయింది. ఆయన స్టూల్ తుడిచి, చాయ్ తెప్పించి, ఆమె చెప్పిందంతా ఓపికగ విన్నడు.

"మీ గొంతు సంగతి తర్వాత. ముందు నేను మాట్లాడి చూస్త" అని తెర ముందు కూసున్నడు. తన దుకాణం పేరు, ఊరి పేరు గట్టిగ చెప్పి, వెనుకకు పెట్టి విన్నడు. ముక్కు మూసుకొని ఎవరో గొణిగినట్టు వచ్చింది.

"ఓ టీచరమ్మా! నాది సుత బొంత కిందికే పోయింది!"

హెప్సిబా పానం లేచి వచ్చినట్టయింది. చాయ్ గ్లాసు చేతిలోకి తీసుకున్నది.

లింగమూర్తి టార్చి వేసి తెర అంచు పొడుగూతా చూసిండు. బొట్టు కాడ ఆగిండు. "మైకు రంధ్రాలు గీడనే ఉంటయి. సూది మొనంత ఉంటయి. పసుపు ఎండి మూసుకపోయినయి" అన్నడు. దూది తీసిండు, మళ్లీ కింద పెట్టిండు. "పెట్టిన బొట్టు... నాకు చెయ్యి వస్తలేదు. మీకైతే పట్టింపు లేదు గద, మీరు తుడువుండ్రి."

"నాకు లేదు కొడుకా, కోమలకు ఉన్నది. పెనిమిటి దూరదేశంలో ఉన్నడు. ఆమె పెట్టిన బొట్టు ఆమెకు చెప్పకుండ తుడుస్తె ఎట్ల?"

ఫోన్ చేస్తె కోమల పత్తి చేన్ల నుంచి ఆటో ఎక్కి వచ్చింది. సంగతి విని బొట్టు దిక్కు చూసింది. "నా బిడ్డ చదువుకు నేనే అడ్డం పడ్డనా?"

"నువ్వు పెట్టినవ్, నేను కాపాడిన. ఇద్దరం కలిసే మూసినం" అన్నది టీచరమ్మ. "నీ దేవుడూ నా దేవుడూ ఇద్దరూ నవ్వుకుంటున్నరేమో."

కోమల కండ్లు తుడుచుకొని, దండం పెట్టి, కొంగు కొసను తడిపి తన చేత్తోనే బొట్టు తీసింది. రంధ్రాల్లో మిగిలిన పసుపును లింగమూర్తి మెత్తటి బ్రష్‌తో రాల్చి, అతుకు టేపు ఒత్తి లాగిండు. సూది పెట్టి పొడిస్తె లోపలిది ఖరాబైతదని చెప్పిండు. ఆవాజు మీట సుత సగానికి దించిండు. అంత పెంచుడుతోనే సుయ్యిమన్నదట. టీచరమ్మను ఒక వాక్యం చదువుమన్నడు. తిరిగి వినిపిస్తే, దుకాణం బయట ఛార్జర్ కోసం నిలబడ్డ ముసలాయన లోపలికి తొంగి చూసి, "చదివేది ఎవలు?" అని అడిగిండు.

పోయే ముందు కోమల అక్కడి దేవుని పటం కాడి కుంకుమ చిటికెడు తీసుకొని, "అన్నా, చెవులు లేని జాగ ఏదో చూపెట్టు" అన్నది. లింగమూర్తి మూత వెనుక నడుమ వేలు పెట్టి చూపిండు. ఈసారి పొడిగనే, బొట్టు అక్కడ పడ్డది.

మధ్యాహ్నం మళ్లీ బొంతల నడుమ కూసున్నరు. ఈసారి కోమల సుత లోపలే. పాఠం నడుమ టీచరమ్మ గొంతు ఎండితే, అడగకముందే చెంబు అందించింది. గాజులు గలగలమన్నయి. "అయ్యో, గిది సుత పడ్డదా?" అని నాలుక కరుచుకున్నది. తీసెయ్యడం చేతగాక టీచరమ్మ అట్లనే పంపింది.

పొద్దుగూకక ముందే ఫోన్ వచ్చింది.

"టీచరమ్మా, బొంత తీసేసిన్రు! ప్రతి పేరు తెలుస్తున్నది. నడుమ నీళ్లు తాగిన్రు గద? చెంబు ఇచ్చింది మా అవ్వనే. గాజులు విని పోల్చుకున్న. ఆ చప్పుడు తీసెయ్యకుండ్రి."

"తియ్యం బిడ్డా. మరి ఆ పేపరు?"

"రాసేటి అక్కకు మళ్లీ ఫోన్ చేసిన. వస్తనన్నది. రెండో పాఠం జల్ది పంపుండ్రి."

టీచరమ్మ కోమల దిక్కు చూసింది. కోమల అప్పటికే చెంబు నింపుకొని వచ్చి, గాజులు మోచేతి దాకా ఎగదోసుకొని, మళ్లీ ఏదో అనుకొని కిందికి జార్చుకున్నది.

"చదువుండ్రి టీచరమ్మా" అన్నది.