పాటంటే గిట్టని తండ్రి

మా కండక్టరు మెత్తని మనిషి. ఎంత మెత్తనంటే, టికెట్ తీసుకోని వాణ్ణి పట్టుకుంటే వాడికంటే ముందు ఇతనే తల దించుకుంటాడు. అరవడం మాత్రం ఉద్యోగం కోసం నేర్చుకున్నాడు. "ముందుకి జరగాలి, ముందుకి!" అని బస్సు అదిరేలా ఒక కేక పెట్టి, ఆ వెంటనే పక్కన నిలబడ్డ పెద్దాయనతో "మిమ్మల్ని కాదండీ" అని సర్దిచెబుతాడు. నేను అదే బస్సుకి డ్రైవర్ని. ఏళ్ల తరబడి వాణ్ణి అద్దంలో చూస్తూనే ఉన్నాను. నా మొహంకంటే వాడి మొహమే ఎక్కువ చూశావని మా ఆవిడ దెప్పుతుంది. నిజమే మరి.

అలాంటి వాణ్ణి టీవీ వాళ్లు దుర్మార్గుణ్ణి చేశారు. ఊరు ఊరంతా నమ్మింది. నాకు రాయడం చేతకాదు గానీ ఒళ్లు మండినప్పుడు మనిషికి ఏదైనా చేతనవుతుంది.

వాడికి ఒక్కతే కూతురు. భార్యది ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే విభాగంలో పని. ఆవిడ ఇంటికొచ్చేసరికి పొద్దుపోయేది కాబట్టి, పిల్ల బడి వదలగానే మా బస్సెక్కేది. చివరి స్టాపులో జనమంతా దిగిపోయాక, అక్కణ్ణించి డిపో దాకా బస్సు ఖాళీ. ఆ కాస్త దూరమే వాళ్ల సంగీత పాఠశాల. వాడికి పాటంటే ప్రాణం. ఉద్యోగం రాకముందు ఫంక్షన్లలో పాడే ఒక బృందంలో వెనక వరసలో ఉండేవాడట. ముందుకొచ్చి పాడమంటే నీళ్లు నమిలేవాడట. ఖాళీ బస్సులో మాత్రం గొంతు విప్పితే, నేను గేరు మార్చడానికి కూడా మొహమాటపడేవాణ్ణి. పిల్ల శ్రుతి తప్పిందా, విజిల్ ఊదేవాడు. విజిల్ వినపడగానే బ్రేకు నొక్కడం నా కాలికి అలవాటు. బస్సు కీచుమని ఆగేది.

"ఏమైందిరా?"

"ఏం లేదు, పై స్వరం అందలేదు. మళ్లీ మొదట్నించీ పాడుతుంది. రైట్, రైట్!"

తండ్రీకూతుళ్లిద్దర్నీ కలిపి తిట్టిపోసేవాణ్ణి. పిల్ల కాలేజీకి వచ్చేసరికి శ్రుతి తప్పడం మానేసింది. మా బస్సు బ్రేకులు బతికిపోయాయి.

ఆ పిల్ల ఒక పెద్ద పాటల పోటీకి ఎంపికైంది. రియాలిటీ షో అన్నారు. అంటే జరిగింది జరిగినట్టే చూపిస్తారని నేననుకున్నాను. ఎంపికైన వారంలోనే ఆ కార్యక్రమం తాలూకు అమ్మాయి ఒకామె వాళ్లింటికి వచ్చింది. చెవికి తగిలించుకున్న మైకులో ఎవరితోనో మాట్లాడుతూనే మాతో కూడా మాట్లాడేది. ఏ మాట ఎవరికో తెలియక మేం అన్నిటికీ తలాడించాం. మా మధ్య ఆమె పేరు మైకమ్మాయి.

"అమ్మాయి బాగానే పాడుతుందండీ. కానీ బాగా పాడేవాళ్లు మాకు బోలెడంతమంది దొరికారు. జనం పాటకి ఓటెయ్యరు, కథకి వేస్తారు. మీ కథేంటి?" అంది.

"కథంటే?" అన్నాడు మావాడు.

"ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోదా?"

"మొన్న నాకు జలుబు చేసిందండీ" అంది వాడి భార్య, పాపం సాయం చేద్దామని.

"సార్ తాగుతారా?"

"ఎందుకు తాగరండీ! టీ లేకపోతే ఆయనకి కాలూ చెయ్యీ ఆడవు."

మైకమ్మాయి నిట్టూర్చింది. "ఇంత హాయిగా ఉంటే ఎలాగండీ?" అని నిష్ఠూరంగా అడిగింది. అంత సుఖంగా బతుకుతున్నందుకు ముగ్గురూ సిగ్గుపడ్డారు. చూడ్డానికి వచ్చిన నేను కూడా ఎందుకైనా మంచిదని కాస్త మొహం వేలాడేశాను.

చివరికి కథ ఆమే కట్టింది. తండ్రికి పాటంటే అసలు గిట్టదు. పాడితే ఇంట్లోంచి పొమ్మన్నాడు. పిల్ల కన్నీళ్లు దిగమింగుకుని దొంగచాటుగా నేర్చుకుంది.

"అలాగైతే నేను పోటీకే రాను" అంది పిల్ల, లేచి నిలబడి.

మావాడు దాన్ని వంటింట్లోకి తీసుకెళ్లాడు. గోడ పల్చన, మాటలన్నీ వినపడుతూనే ఉన్నాయి. "నాదేం పోయిందే తల్లీ? నేను రెండు నిమిషాలు అరుస్తాను, నువ్వు జన్మంతా పాడుకుంటావు." తర్వాత బయటికొచ్చి, చేతులు నలుపుకుంటూ మైకమ్మాయిని ఒకే ఒక్కటి అడిగాడు. "ఆఖర్లో మాత్రం, పాట నేనే నేర్పానని అమ్మాయి చేత చెప్పించాలండీ. ఒక్కసారి చెబితే చాలు."

"ఫైనల్లో చూద్దాం సార్" అందామె. ఏదైనా ఆఫీసులో పని పడ్డ ప్రతివాడికీ ఆ 'చూద్దాం' ఏమిటో తెలుసు. మావాడు మాత్రం మాట పుచ్చుకున్నవాడిలా సంబరపడ్డాడు.

చిత్రీకరణ రోజు వాడి చేత అరిపించేసరికి దేవుడు దిగొచ్చాడు. "పాడొద్దమ్మా" అంటాడు, వెంటనే "ఏమీ అనుకోకు" అంటాడు. కెమెరా పట్టుకున్న కుర్రాళ్లు నవ్వాపుకోలేక మూలకెళ్లి నిలబడ్డారు. "సార్, టికెట్ తియ్యని వాడి మీద బస్సులో ఎలా అరుస్తారో అలా అరవండి" అంది మైకమ్మాయి. మావాడు కళ్లు మూసుకున్నాడు, మెట్లమీద వేలాడుతున్న ఎవణ్ణో తలుచుకున్నట్టున్నాడు. "దిగు! మాటలొద్దు! ముందు కిందికి దిగు!" అని గర్జించాడు. పిల్ల నిలబడ్డది చదునైన గచ్చుమీద. ఎక్కడికి దిగాలో తెలియక బిక్కచచ్చిపోయింది. మైకమ్మాయి ఆనందంతో చప్పట్లు కొట్టింది.

టీవీలో చూస్తే నాకే గుండె జారిపోయింది. వాడి గర్జన, తలుపు ధడాలున మూసుకున్న చప్పుడు, ఉరుములు, జోరున వాన, సంచీ భుజాన వేసుకుని వీధిలో నడిచిపోతున్న పిల్ల. నిజానికి చిత్రీకరణ రోజు ఎండకి తారు కరుగుతోంది. పిల్ల నడిచి వెళ్లింది పక్క కొట్లో పెన్ను కొనుక్కోవడానికి.

మర్నాటి నుంచీ మొదలైంది బస్సులో మావాడి భాగోతం. ఒకావిడ టికెట్‌ని రెండు వేళ్లతో, అంటు తగులుతుందేమో అన్నట్టు అందుకుని "ఛీ" అంది. ఒక రిటైరైన మాస్టారు వాడి చెయ్యి పట్టుకుని, ఎక్కిన దగ్గర్నించి దిగేదాకా పిల్లల పెంపకం గురించి బోధించి, ఆ ఊపులో టికెట్ తీసుకోవడం మర్చిపోయాడు. బడిపిల్లలైతే వాళ్ల స్టాపు రాగానే అందరూ కలిసి "దిగు! మాటలొద్దు!" అని అరుచుకుంటూ దిగేవాళ్లు. మా డిపో మేనేజరు పిలిచి "ఏమయ్యా, బంగారంలాంటి గొంతు. పాడుకోనివ్వరాదూ?" అన్నాడు. పిల్లని బస్సులో ఎక్కించుకుని తిరిగిన రోజుల్లో, ఉచితంగా తిప్పుతున్నాడని మెమో ఇచ్చిన మహానుభావుడు ఈయనే.

వాడి అత్తగారు ఫోన్ చేసి "నాకు మొదట్నించీ అనుమానమే నాయనా" అంది. చివరికి సొంత భార్య కూడా ఒకరోజు టీ గ్లాసు వాడి ముందు ఠంగుమని పెట్టింది.

"నేనేం చేశానే?"

"మీరేం చెయ్యలేదని నాకు తెలుసు. కానీ రోజూ అదే చూస్తుంటే కోపం వచ్చేస్తోంది, నేనేం చెయ్యను!"

నేను ఊరుకున్నానా? ఎక్కిన ప్రతివాళ్లకీ చెప్పాను. వీడే నేర్పాడమ్మా, నా చెవులతో విన్నానమ్మా అని. "మీరిద్దరూ ఒకే బస్సు కదా, అలాగే అంటారు" అని కొట్టిపారేశారు. మావాడు నన్ను గొంతు తగ్గించమనేవాడు. "ఫైనల్లో చెబుతుందిగా, ఓపిక పట్టరా" అనేవాడు. జనం ఛీ అన్నప్పుడల్లా అదే తలుచుకుని చిల్లర లెక్కపెట్టుకునేవాడు.

ఫైనల్‌కి నన్ను ప్రేక్షకుల్లో కూర్చోబెట్టారు. ముందు ఒకడు నిలబడి చెయ్యి పైకెత్తితే చప్పట్లు కొట్టాలి, కళ్లు తుడుచుకుంటే మనమూ తుడుచుకోవాలి. నా పక్కన కూర్చున్నావిడకి ఇదే ఉద్యోగమట, అన్ని షోలకీ వెళ్తుందట. బిస్కెట్లు నములుతూనే, సైగ రాగానే బొటబొటా కన్నీళ్లు కార్చేది. సైగ ఆగగానే మళ్లీ బిస్కెట్ కొరికేది. అలాంటి పనితనం నేనెక్కడా చూడలేదు.

పిల్ల పాడింది. ఎలా పాడిందో నేను చెప్పలేను. పాట అయ్యాక వెనకనుంచి తలుపు తెరుచుకుని మావాడు వచ్చాడు. పిలవకుండా, మనసు మారి, తనంతట తాను వచ్చాడట! పొద్దున్నించీ ఆ తలుపు వెనక కూర్చోబెట్టి, అలా రావడం వాడికి పదేపదే నేర్పించారు. అయినా కదిలే బస్సులో నడిచినట్టు కాళ్లు ఎడంగా వేసుకునే వచ్చాడు. పిల్ల "నాన్నా, ఇప్పటికైనా నా పాట విన్నావా?" అనాలి. వాడు "విన్నానమ్మా, నన్ను క్షమించు" అనాలి. మైకమ్మాయి కెమెరా పక్కన ఆ మాటలు రాసిన అట్ట పట్టుకుని నిలబడింది. నేర్పింది తండ్రేనన్న మాట ఆ అట్టమీద లేదు. మావాడు అట్టని పైనించి కిందికి చదువుకున్నాడు, వాడి మొహం వాడిపోవడం నాకు అంత దూరాన్నుంచీ కనపడింది.

పిల్లకీ కనపడినట్టుంది. మైకు రెండు చేతులా పట్టుకుంది.

"ఇదంతా అబద్ధమండీ. మా నాన్న నన్నెప్పుడూ పాడొద్దనలేదు. నాకు పాట నేర్పిందే మా నాన్న. చివరి స్టాపు నించి డిపో దాకా, ఖాళీ బస్సులో, రోజూ. శ్రుతి తప్పితే విజిల్ వేసి బస్సు ఆపించేవాడు. నాకింకో గురువు లేడు."

నేను ఆగలేక లేచి నిలబడి "నిజమే! ఆ బ్రేకు వేసింది నేనే!" అని అరిచాను. సైగల మనిషి నన్ను కూర్చోమన్నాడు.

అప్పుడు న్యాయనిర్ణేతల్లో ఒకావిడ కళ్లు ఒత్తుకుంటూ లేచింది. "ఇంట్లోంచి గెంటేసిన తండ్రి పరువు కాపాడ్డానికి, నలుగురిలో తన మీద అబద్ధం వేసుకున్న కూతుర్ని నేనిప్పుడే చూస్తున్నాను" అంది.

హాలంతా ఘొల్లుమంది. "కాదండీ, నిజంగానే!" అంటుంది పిల్ల. అన్నకొద్దీ ఏడుపు ఎక్కువైంది. సైగల మనిషి సైగ చెయ్యడం మానేసి తనే ఏడ్చాడు. నా పక్కావిడ బిస్కెట్ చేతిలోనే పెట్టుకుని వెక్కిళ్లు పెడుతోంది.

"అమ్మా, ఆ పిల్ల చెప్పింది నిజం" అన్నాను.

"రోజూ ఏడ్చేదాన్ని బాబూ, ఏది నిజమో ఏది నటనో నాకు తెలీదా? ఎంత మంచి పిల్ల!" అందావిడ.

రెండో బహుమతి వచ్చింది. మొదటిది చక్రాల కుర్చీలో బామ్మని తెచ్చుకున్న కుర్రాడికి పోయింది. ఆ బామ్మ భోజనాల దగ్గర మమ్మల్నందర్నీ దాటుకుంటూ నడిచి వెళ్లి వరసలో ముందు నిలబడింది.

తిరిగొచ్చేటప్పుడు నేను కోపంతో ఊగిపోయాను. "ఒక్కడంటే ఒక్కడు నమ్మలేదు కదరా! నువ్వేమో నవ్వుతున్నావు!"

"నమ్మకపోతే పోనీరా. నలుగురిలో చెప్పింది. నాకింకో గురువు లేడంది. విన్నావా నువ్వు?" అన్నాడు. దారంతా అదే మాట నన్ను అడుగుతూనే ఉన్నాడు. విన్నానన్నాను, ప్రతిసారీ.

ఇప్పుడు బస్సులో ఛీ అనేవాళ్లు తగ్గారు, జాలిపడేవాళ్లు పెరిగారు. "ఎలాంటి కూతుర్ని కన్నావయ్యా, నీకోసం అబద్ధమాడింది" అంటారు. మొదట్లో నేను స్టీరింగ్ వదిలేసి దెబ్బలాటకి దిగబోయాను. మావాడు మాత్రం "అవునండీ, మంచి పిల్ల" అని టికెట్ చింపి ఇస్తాడు.

మొన్న మధ్యాహ్నం చివరి స్టాపులో అందరూ దిగిపోయారనుకుని విజిల్ వేశాడు. బస్సు కదిలింది. వాడు పాట ఎత్తుకున్నాడు, ఫైనల్లో పిల్ల పాడిన పాటే. ఎన్నాళ్లుగానో వింటున్న గొంతే గానీ, ఆ రోజు దాన్లో ఏదో ఉంది. నేను బండి నెమ్మది చేశాను. చివరి సీట్లో కునుకు తీసిన ఒక పెద్దావిడ లేచి, స్టాపు దాటిపోయిందని కూడా పట్టించుకోకుండా, పాట అయ్యేదాకా కళ్లు మూసుకుని విన్నది. తర్వాత వాడి దగ్గరికొచ్చి భుజం తట్టింది.

"కూతురి దగ్గర నేర్చుకుంటున్నట్టున్నావే! మంచి పని చేస్తున్నావు బాబూ. ఇంకా అక్కడక్కడా తడబడుతున్నావనుకో, మొదట్లో అందరికీ అంతే."

నాకు నషాళానికి అంటింది. నోరు తెరిచి వెనక్కి తిరగబోయాను. అద్దంలో మావాడు ఆవిడకి వినయంగా తల వంచి, "అవునమ్మా. దానంత రావడం నా వల్ల అవుతుందా?" అంటున్నాడు. వాడి మొహం వెలిగిపోతోంది. ఇంత సంతోషంగా ఓడిపోయిన మనిషిని ఏమని తిట్టాలో తెలియక, రోడ్డు కేసి చూస్తూ బండి నడిపాను.